ఊల్రిక్ కడిగిన గాలి లారీ

ఊల్రిక్ హౌగార్డ్ డ్యూటీలో ఉండగా తప్పు తొట్లో చెత్త వేసి తప్పించుకున్నవాడు మా వైపు ఒక్కడూ లేడు. ఊరి బయట పురపాలక చెత్త యార్డులో మనిషికి రెండింతల ఎత్తు ఇనుప తొట్లు వరసగా ఉంటాయి. కర్రకొకటి, ఇనుముకొకటి, తోట కొమ్మలకొకటి, ఎందులోకీ చేరక చివరికి కాల్చెయ్యడానికి పోయే 'కాలే చెత్త'కొకటి. వాటి మధ్య నారింజ రంగు కోటు తొడుక్కుని, చేతులు వెనక్కి కట్టుకుని ఊల్రిక్ తిరుగుతుంటాడు. కారు డిక్కీ తెరిచిన చప్పుడైతే చాలు, పక్కన ప్రత్యక్షం. "అది అందులో కాదు" అంటాడు. నిద్రలో కూడా ఆ మాటే కలవరిస్తాడని అతని భార్య డోర్టే చెబుతుంది.

మనిషి చెడ్డవాడు కాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఒకసారి ఓ ముసలావిడ, అప్పుడే పోయిన భర్త బూట్లు సంచిలో వేసుకుని వచ్చింది. సంచి ఎత్తి పడెయ్యబోతుంటే ఊల్రిక్ ఆపాడు. తోలు వేరు, లోపలి ఉన్ని అట్టలు వేరు అన్నాడు. ఆవిడ ఆ చలిగాలిలో నిలబడి, బూట్లలో చెయ్యి పెట్టి, మొగుడి పాదాల అచ్చు పడిన ఉన్ని ముక్కల్ని ఒక్కొక్కటే బయటికి లాగింది. కళ్ల నీళ్లు కారిపోతున్నాయి. ఊల్రిక్ ఆమె కోసం సంచి తెరిచి పట్టుకున్నాడు. ఇంటికెళ్లి డోర్టేతో, ఇవాళ ఒక పెద్దావిడకి సాయం చేశానని కూడా చెప్పాడు.

అతనికో తమ్ముడున్నాడు, ఎస్బెన్. పక్క ఊళ్లోనే, కారులో పావుగంట దూరంలో. ఇద్దరికీ మాటల్లేక పదేళ్లు దాటింది.

వాళ్ల నాన్న మా ఊరి బొమ్మల ఫ్యాక్టరీలో, ప్లాస్టిక్ కరిగించి అచ్చుల్లో పోసే హాల్లో జీవితమంతా పనిచేశాడు. తల్లి ముందే పోయింది. నాన్న పోయేనాటికి ఎస్బెన్ నడిసముద్రంలో చమురు తీసేచోట ఉద్యోగం చేస్తున్నాడు. అంత్యక్రియలకు వచ్చి, మళ్లీ పనికి వెళ్తూ, "నేనొచ్చేదాకా ఇంట్లో ఏదీ కదపకు" అన్నాడు. ఊల్రిక్ "ఊఁ" అన్నాడు. ఇల్లేమో అద్దెది. నెలాఖరుకి తాళం అప్పగించాలి. ఇంకొన్నాళ్లు గడువు ఇమ్మంటే ఇంటివాళ్లు కాదనేవాళ్లు కాదు. కానీ నోరు తెరిచి అడగాలిగా. మా జట్లాండ్ ప్రాంతం మనిషి మునిగిపోతూ కూడా, చెయ్యి అందించమని గట్టున ఉన్నవాణ్ణి ఇబ్బంది పెట్టడు. ఊల్రిక్ శనివారం పొద్దున కారుకి ట్రెయిలర్ తగిలించుకుని వెళ్లాడు. ఆదివారం సాయంత్రానికి ఇల్లు ఖాళీ. కర్ర కర్రలోకి, ఇనుము ఇనుములోకి పోయాయి. కిటికీ అద్దాలు కూడా తుడిచాడు. తమ్ముడికి ఒళ్లు వంచే పని లేకుండా అంతా తనే చేశానని లోలోపల సంతోషపడ్డాడు.

ఎస్బెన్ వచ్చి తలుపు తీశాడు. చాలాసేపు గదులన్నీ తిరిగాడు.

"మన బొమ్మ లారీ కూడానా?" అని అడిగాడు.

"అన్నీ" అన్నాడు ఊల్రిక్.

ఎస్బెన్ తన దగ్గరున్న తాళం చెవి కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ తర్వాత బజార్లో ఎదురుపడితే తల ఊపడం కూడా మానేశాడు. మా దేశంలో తల ఊపకపోవడమంటే మాటలు కాదు, కోర్టులో ఉన్నవాళ్లు కూడా తలలు ఊపుకుంటారు. ఊల్రిక్ మాత్రం, ఇంత కష్టపడితే నాకు దక్కిందిదా అనుకున్నాడు. అనుకుంటూనే ప్రతి క్రిస్మస్‌కీ ఫోను వైపు చూసేవాడు. తమ్ముడు లేని వెలితి అతనికి చాలా ఉంది. దాన్ని ఏ తొట్లో వెయ్యాలో తెలియలేదు.

ఆ లారీ దొరికింది. మొన్న క్రిస్మస్‌కి ముందు, డోర్టే పుట్టింటి అటక మీద, అరటిపళ్ల అట్టపెట్టెలో. నాన్న ఇంట్లో క్రిస్మస్ అలంకరణ సామాను ఒక్కటి మాత్రం పారెయ్యడానికి చేతులు రాక, ఊల్రిక్ ఆ పెట్టె తెచ్చి అక్కడ పెట్టి మరిచిపోయాడు. ఇప్పుడు తెరిచి చూస్తే గడ్డితో చేసిన మేకబొమ్మల కింద పసుపుపచ్చ లారీ, సగం ఊడి, దుమ్ము కొట్టుకుని ఉంది. ఊల్రిక్ నిచ్చెన మెట్టు మీదే కూలబడ్డాడు.

"ఇవాళే తీసుకెళ్లి ఎస్బెన్‌కిచ్చెయ్" అంది డోర్టే.

"ఏమని ఇవ్వను?"

"ఏమీ అనకు. చేతిలో పెట్టు."

"పెడితే ఏమంటాడు?"

"నోరుందిగా, ఏదో ఒకటంటాడు. ఏదో ఒకటి అనాలనేగా ఇన్నేళ్లూ చూస్తున్నావ్."

"ఈ అవతారంలోనా ఇచ్చేది? దీని మొహం చూడు. బాగుచేశాక ఇస్తాను."

"బాగుచేసేదాకా ఆగితే నువ్విచ్చినట్టే. నీ సంగతి నాకు తెలియదా" అని డోర్టే దిగిపోయింది.

ఆ లారీ కథ కొంచెం చెప్పాలి. ఏటా ఫ్యాక్టరీవాళ్లు పనివాళ్లకి క్రిస్మస్‌కి ఒక పెట్టె ఇచ్చేవాళ్లు. ఆ ఏడు నాన్న తెచ్చిన పెట్టెలో గాలితో పనిచేసే క్రేను లారీ ఉంది. ముక్కలన్నీ మనమే బిగించుకోవాలి. వీపు మీద చిన్న పంపు ఉంటుంది. దాన్ని నొక్కితే సన్నటి గొట్టాల్లోంచి గాలి వెళ్లి, సిలిండర్లోని కడ్డీని తోస్తుంది. కడ్డీ క్రేను చేతిని లేపుతుంది. ఒక మీట తిప్పితే చెయ్యి దిగుతుంది, ఇంకోటి తిప్పితే కొసనున్న పంజా మూసుకుంటుంది. మోటారు లేదు, బ్యాటరీ లేదు, మన చేతి సత్తువే.

గొట్టం ఒకే పొడుగు తీగలా వచ్చేది. పుస్తకంలో అసలు కొలతతో వేసిన బొమ్మ మీద పెట్టి ముక్కలు కోసుకోవాలి. అప్పటికి తొమ్మిదేళ్లవాడైన ఎస్బెన్, అంతకు ముందు వారమే బల్ల మీది గుడ్డ అంచు కత్తిరించాడని అమ్మ కత్తెర దాచేసింది. వాడు ఆగుతాడా? పళ్లతో కొరికేశాడు. ముందు పన్ను విరిగి ఉండేది, అందుకని ప్రతి కొసా ఏటవాలుగా, ఎలుక కొట్టినట్టు తెగింది. తలుపు మీద అంటించాల్సిన స్టిక్కరు కూడా వంకరగా అంటించాడు. పద్నాలుగేళ్ల ఊల్రిక్ వాడి నెత్తి మీద మొట్టి, "పుస్తకంలో ఇలాగే ఉందా? చూడు, ఇలాగే ఉందా?" అన్నాడు. ఆ చలికాలమంతా ఇద్దరూ నేల మీద బోర్లా పడుకుని ఆ పంజాతో బంగాళాదుంపలు ఎత్తారు. కొరికిన కొసల్లోంచి గాలి జారిపోయి క్రేను మెల్లిగా తల వాల్చేది. "ఊల్రిక్, ఇంకోసారి కొట్టు" అనేవాడు ఎస్బెన్. ఊల్రిక్ మళ్లీ పంపు కొట్టేవాడు.

ఇప్పుడు ఆ ఎస్బెన్ సముద్రం పని మానేసి, పక్క ఊళ్లో హీటర్లు బాగుచేసుకుంటున్నాడు. సెలవుల్లో పాత బొమ్మలు కట్టేవాళ్ల సంఘానికి పరీక్షకుడు. గాలి బండ్లన్నీ అతని చేతి మీదుగానే పోవాలి. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకమని పేరు పడ్డాడు. ఒక చక్రం తర్వాతి ఏడాది తయారైనదని కనిపెట్టి ఒకాయనకి మార్కులు కోసేస్తే, ఆయన సంఘమే మానేశాడు. ఇంత పట్టింపు ఎవరు నేర్పారో వీడికి అని జనం అనుకుంటారు. ఊల్రిక్ అలా అనుకోలేదు. మొట్టికాయలు ఎవరివో అతనికి తెలుసు.

అందుకే ఒక ఆలోచన చేశాడు. మార్చిలో సంఘంవాళ్ల పరీక్ష జరుగుతుంది. అక్కడ బండి మీద నంబరు తప్ప పేరుండదు. లారీని అక్కడ పెడదాం. ఎస్బెన్ దాన్ని చూస్తాడు, గుర్తుపడతాడు, ఇదెక్కడిదని వాడే ముందు నోరు విప్పుతాడు. తను వాడి గుమ్మం ఎక్కి తప్పయిందని చెప్పే అవసరం ఉండదు. లారీ మాత్రం ఎస్బెన్ కూడా వేలెత్తి చూపలేనట్టు ఉండాలి. ఈ రెండో మాట దగ్గరే ఊల్రిక్ బోల్తా పడ్డాడు. పడ్డ సంగతి అతనికి తెలియలేదు.

చలికాలం సాయంత్రాలన్నీ బట్టలుతికే గదిలో గడిచాయి. ముక్కలన్నీ ఊడదీసి, గోరువెచ్చటి సబ్బునీళ్లలో కడిగి, రంగుల వారీగా తువ్వాళ్ల మీద ఆరబెట్టాడు. సిలిండర్లకి నీళ్లు తగలనివ్వలేదు. దూదితో తుడిచి, రబ్బరుని పాడుచెయ్యని గ్రీజు ఒక్క చుక్క రాశాడు. ఎండకి పచ్చబడ్డ బూడిదరంగు ముక్కల్ని తెల్లబరిచే మందులో నానబెట్టాడు. ఎప్పుడో ఒక నల్లముక్క పోతే ఎస్బెన్ తన అగ్నిమాపక బండిలోంచి పీకి పెట్టిన ఎర్రముక్క ఉంది. దాన్ని తీసి సరైన నల్లముక్క తెప్పించి పెట్టాడు. వంకర స్టిక్కరు గీకేసి, కొత్తది స్కేలు ఆనించి అంటించాడు.

చివరికి గొట్టాలు మిగిలాయి. గట్టిపడిపోయాయి, గాలి ఆపవు. కొసల మీద పంటి గాట్లు ఇంకా కనబడుతున్నాయి. ఊల్రిక్ ఒకదాన్ని వేళ్ల మధ్య పెట్టుకుని కాసేపు నవ్వుకున్నాడు. ఆ నవ్వులో ఎంతో ప్రేమ ఉంది, అది నేను కాదనను. తర్వాత, వీటితో పరీక్షకి వెళ్తే మొదటి నిమిషంలోనే మార్కులు పోతాయనుకున్నాడు. కొత్త గొట్టం కొని, బ్లేడుతో ఒక్కో ముక్కా పుస్తకం కొలతకి కోశాడు. పాతవాటిని మర్నాడు డ్యూటీకి తీసుకెళ్లి, ఏ తొట్లో వెయ్యాలో ఆ తొట్లోనే వేశాడు.

మా వాళ్ల పరీక్షలో అసలైనది కాఫీ పరీక్ష. పంపు కొట్టి క్రేను చెయ్యి పైకి లేపాలి. తర్వాత అందరూ కాఫీ తాగడానికి వెళ్లాలి. తాగి వచ్చేసరికి చెయ్యి ఎంత దిగిందో చూడాలి. పాత బండ్లలో సగం, కాఫీలో పాలు కలిపేలోపే తల వాలుస్తాయి. ఊల్రిక్ వంటింట్లో ఆ పరీక్ష పెట్టి చూశాడు. కాఫీ అయిపోయింది, రెండో కప్పు కూడా చల్లారింది, చెయ్యి మాత్రం ఎక్కడ లేపింది అక్కడే ఉంది.

"బానే ఉంది" అంది డోర్టే, లారీ చుట్టూ తిరిగి చూసి. "ఇవాళే కొట్లోంచి కొనుక్కొచ్చినట్టుంది."

ఊల్రిక్ దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాడు.

మార్చి మొదటి ఆదివారం ఊరుమ్మడి హాల్లో పరీక్ష. బయట పడమటి గాలి తలుపులు పీకేస్తోంది, లోపల కాఫీ వాసన, దాల్చినచెక్క రొట్టెల వాసన. బల్లల మీద బండ్లన్నీ గుడ్డలు కప్పుకుని, నంబర్లు తగిలించుకుని ఉన్నాయి. యజమానులంతా వెనక కుర్చీల్లో కూర్చోవాలి. మార్కులు చెప్పి నంబరు పిలిచేదాకా ఎవరూ పెదవి కదపకూడదు, కదిపితే ఆ బండి లెక్కలోంచి పోయినట్టే. ఎప్పుడో ఇద్దరు యజమానులు పరీక్షకుడితో చేతులు కలిపేంతవరకు వెళ్లాక ఈ నియమం వచ్చింది. ఆ చేతులు కలపడం కరచాలనం కాదు లెండి.

సంఘం పెద్ద ఇంగెర్ అనే ముసలావిడ ఊల్రిక్ పక్కనే కూర్చుంది. ఎస్బెన్ ఎప్పటిలాగే కుర్చీల వైపు కన్నెత్తి చూడకుండా ఏడో నంబరు మీద గుడ్డ తీశాడు. పసుపు లారీ దీపాల కింద మెరిసింది. ఎస్బెన్ చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. ఊల్రిక్ కుర్చీ అంచుకి జరిగాడు. ఎస్బెన్ లారీని రెండు చేతులతో ఎత్తి, వెల్లకిలా తిప్పి, గొట్టాల కొసలు చూశాడు. ఒక్కొక్క కొసా, కళ్లకి దగ్గరగా పెట్టుకుని. కోతలు నిలువుగా, నున్నగా ఉన్నాయి. చూడు, బాగా చూడు, అనుకున్నాడు ఊల్రిక్.

"ఎప్పుడూ ఇంతే" అని ఇంగెర్ అతని చెవి దగ్గర గొణిగింది. "గాలి లారీ ఏదొచ్చినా ముందు గొట్టాల కొసలే చూస్తాడు. ఎందుకో చెప్పడు. ఇదే రకం లారీ వస్తే మరీ."

ఎస్బెన్ లారీని కింద పెట్టాడు. అతని మొహంలో ఏదో వెలిగి ఆరిపోయింది. తర్వాత ఎప్పటిలా పని మొదలుపెట్టాడు. తలుపు స్టిక్కరు, చక్రాలు, మీటలు అన్నీ చూశాడు. పంపు కొట్టాడు, చెయ్యి లేచింది, పంజా మూసుకుంది. అందరూ కాఫీకి లేచారు. ఊల్రిక్ కప్పు పట్టుకున్నాడు గాని తాగలేదు. తిరిగొచ్చేసరికి చెయ్యి వెంట్రుకవాసి కూడా దిగలేదు.

"వంక లేదు" అన్నాడు ఎస్బెన్.

హాలంతా తలలు తిప్పింది. ఎస్బెన్ నోట ఆ మాట ఎవరూ విని ఎరగరు. 'మరీ అంత చెత్తగా లేదు' అన్నదే అతని దగ్గర పెద్ద బిరుదు.

"నూటికి నూరేనా?" అడిగింది ఇంగెర్.

"నూటికి నూరే. కట్టినవాడెవడో పనిమంతుడు. పుస్తకంలో ఎలా ఉందో అలా ఉంది." ఎస్బెన్ క్రేను చేతిని వేలితో మెల్లిగా నొక్కి వదిలాడు. "ఇలాంటిదొకటి మా ఇంట్లో ఉండేది. ఇలా ఉండేది కాదనుకోండి. దాని గొట్టాలు నేను పళ్లతో కొరికాను. గాలి నిలిచేదే కాదు, మా అన్న అస్తమానం పంపు కొట్టాల్సి వచ్చేది. అది చెత్తలోంచి ఎవరి చేతికైనా దొరికి ఉంటుందేమో, ఎప్పుడైనా ఈ బల్ల మీదికొస్తుందేమోనని ఈ పని ఒప్పుకున్నాను. వస్తే నూటికి ముప్పై వేస్తాను. వేసి, దాని యజమాని కాళ్లు పట్టుకునైనా ఇంటికి తీసుకుపోతాను. సరే, అది వేరే సంగతి."

ఊల్రిక్ లేవబోయి ఆగాడు. ఇప్పుడు నోరు తెరవకూడదు, నియమం. నియమం తప్పడం అతని ఒంట్లో లేదు. ఒళ్లో ఉన్న తన రెండు చేతుల్ని చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ చేతులంటే అసహ్యం వేసింది.

"ఏడో నంబరు ఎవరిది? లేవండి" అంది ఇంగెర్.

ఊల్రిక్ లేచాడు. అన్నదమ్ముల సంగతి తెలియనివాళ్లు ఆ హాల్లో లేరు.

ఎస్బెన్ అన్న వైపు చూశాడు, లారీ వైపు చూశాడు.

"అదేనా?" అన్నాడు. గొంతు తొమ్మిదేళ్లవాడిదిలా వచ్చింది.

"అదే."

"అన్నీ పారేశానన్నావుగా."

"పారేశాననే అనుకున్నాను. డోర్టే వాళ్ల అటక మీద దొరికింది, మేకబొమ్మల కింద."

ఎస్బెన్ గబుక్కున లారీని మళ్లీ ఎత్తి గుండెకి ఆనించుకున్నంత పని చేశాడు. మళ్లీ తిప్పాడు. మళ్లీ కొసలు చూశాడు.

"గొట్టాలేవి?"

"కొత్తవి వేశాను. వాటికి గాలి నిలవడం లేదు."

"నిలవదని నాకు తెలుసు. పాతవేవి?"

ఇంట్లో ఉన్నాయని అబద్ధమాడొచ్చు. తప్పయిపోయింది, క్షమించు అనొచ్చు. అక్కడున్న ఏ మనిషయినా ఏదో ఒకటి తడుముకునేవాడు. ఊల్రిక్ నోటి వెంట మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనానికి చెప్పే మాటే వచ్చింది.

"కాలే చెత్తలో" అన్నాడు.

"స్టిక్కరు?"

"అదీ అందులోనే."

"నా ఎర్రముక్క?"

ఊల్రిక్ తల అడ్డంగా ఊపాడు. ఎస్బెన్ లారీని జాగ్రత్తగా, పగిలిపోయే సామానేదో పెట్టినట్టు, బల్ల మీద పెట్టాడు. కోపం లేదు అతని మొహంలో. కోపం ఉన్నా బావుండేది.

"నువ్వంటున్నావు కాబట్టి అదే అనుకోవాలి" అన్నాడు. "చూస్తే ఎవరిదైనా అయ్యుండొచ్చు."

"నువ్వు గుర్తుపడతావనే తెచ్చాను, ఎస్బెన్. నీ కోసమే తెచ్చాను."

"తెలుస్తూనే ఉంది. బాగా కడిగావు." ఎస్బెన్ ఏడో నంబరు మీద గుడ్డ మళ్లీ కప్పాడు. "మార్కులు మార్కులే, నూటికి నూరు. తీసుకెళ్లు." అని ఎనిమిదో నంబరు బల్ల దగ్గరికి నడిచాడు.

ఊల్రిక్ లారీని చంకలో పెట్టుకుని, అందరి మోకాళ్లు దాటుకుంటూ బయటికొచ్చాడు. ఎవరూ తలెత్తలేదు, అది మా వాళ్ల మర్యాద. పడమటి గాలి మొహాన కొట్టింది. కారులో కూర్చుని కాసేపు ఏడ్చాడు. కళ్లద్దాలు తుడుచుకుని, బెల్టు పెట్టుకుని, వేగం ఎక్కడా దాటకుండా ఇంటికి నడిపాడు.

డోర్టే బంగాళాదుంపలు తొక్క తీస్తూ, తలుపు చప్పుడుకి చేతులు తుడుచుకుని వచ్చింది.

"మాట్లాడాడా?"

"మాట్లాడాడు."

"నిజంగానా? ఏమన్నాడు?"

ఊల్రిక్ కోటు విప్పకుండానే లారీని వంటింటి బల్ల మీద పెట్టాడు.

"ఒక్క వంకా లేదన్నాడు."